ఒకటి, రెండు తరగతుల పిల్లలతో తరగతి నియమాలను బొమ్మలుగా గీయించడం

చాలా బడుల్లో గోడ మీద నియమాల చార్టు ఒకటి ఉంటుంది. చక్కటి దస్తూరీ, చుట్టూ పూల అంచు, వరసగా పది వాక్యాలు: "అల్లరి చేయరాదు", "క్రమశిక్షణ పాటించవలెను". ఒకటో తరగతి పిల్లకి అందులో ఒక్క మాటా చదవడం రాదు. చదివి వినిపించినా 'క్రమశిక్షణ' అంటే తన చేతులు, కాళ్ళు ఏం చేయాలో తెలియదు. అదే, కుళాయి దగ్గర ఎలా నిలబడాలో తనే చెప్పి, నటించి, గీసిన బొమ్మైతే దాన్ని చదవక్కర్లేదు, చూడగానే గుర్తుపడుతుంది. కింద చెప్పే పద్ధతి 25–30 మంది ఉన్న తరగతికి సరిపోతుంది. రోజుకు 40 నిమిషాల చొప్పున నాలుగు రోజులు పడుతుంది.

మొదటి పది రోజులు ఆగండి

జూన్‌లో బడి తెరిచిన రోజే నియమాలు మొదలుపెడితే పిల్లలకు చెప్పడానికి ఏమీ ఉండదు. ఆ గదిలో వాళ్ళకింకా ఏ ఇబ్బందీ ఎదురవలేదు కదా. అడిగితే ఎక్కడో విన్న మాటే అప్పజెబుతారు: "చేతులు కట్టుకుని కూర్చోవాలి టీచర్". పైగా ఒకటో తరగతిలో చేరికలు ఇంకా సాగుతూనే ఉంటాయి.

ఈ పది రోజులూ గొడవలను ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఎక్కడ, ఎప్పుడు, దేనికోసం అన్నవి చాలు, పేర్లు వద్దు. పది రోజుల తర్వాత చూస్తే అవే నాలుగైదు చోట్లు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి: గంట కొట్టగానే గుమ్మం దగ్గర తోపులాట, కుళాయి, మధ్యాహ్న భోజనం వరస, రబ్బరూ మెండరూ అడగకుండా తీసుకోవడం, అందరూ ఒక్కసారే జవాబు అరవడం. మీ నియమాలు పుట్టేది వీటి నుంచే.

కావలసిన సామాను

లేత రంగు చార్టులు రెండు. మామూలు చార్టు 22 × 28 అంగుళాలు ఉంటుంది. ఒక్కోదాన్ని నాలుగు సమాన ముక్కలు చేస్తే 11 × 14 అంగుళాల పట్టీలు ఎనిమిది వస్తాయి. నియమాలకు ఐదు, పేర్లకు ఒకటి పోగా రెండు మిగులుతాయి. అవి పక్కన పెట్టుకోండి, పనికొస్తాయి. ఏ4 కాగితాలు 20 తీసుకుని సగానికి కత్తిరించండి. మైనపు క్రేయాన్లు ఆరు పెట్టెలు, పెన్సిళ్ళు, నల్ల మార్కరు ఒకటి, జిగురు, పురికొస, బట్టల క్లిప్పులు, గుప్పెళ్ళకొద్దీ చింతగింజలు కావాలి.

నియమాలన్నీ ఒకే పెద్ద చార్టు మీద పెట్టకపోవడానికి కారణాలు రెండు. కుళాయి బొమ్మ కుళాయి దగ్గరే ఉండాలి, భోజనం వరస బొమ్మ వరండాలో ఉండాలి. తర్వాత ఒక నియమం మార్చాల్సి వస్తే ఆ ఒక్క పట్టీ తీస్తే చాలు.

బొమ్మలకు స్కెచ్ పెన్నులు వాడకండి. వాటి సిరా నీళ్ళతో చేసింది. వానాకాలం చెమ్మకు పాకుతుంది, కిటికీ ఎండకు రెండు మూడు నెలల్లో వెలిసిపోతుంది. క్రేయాన్ నిలుస్తుంది. కానీ క్రేయాన్ బొమ్మను లామినేషన్‌కు ఇవ్వకూడదు. ఆ యంత్రం వేడికి మైనం కరిగి రంగులన్నీ అలుక్కుపోతాయి. నీళ్ళు పడే చోట ఉండే పట్టీకి పుస్తకాలకు వేసే ప్లాస్టిక్ అట్ట చుట్టి, అంచులు వెనక్కి మడిచి టేపు వేయండి.

మొదటి రోజు: నడిచి చూడటం

పిల్లలను గదిలో కూర్చోబెట్టి "మనకు ఏ రూల్స్ కావాలి?" అని అడగకండి. ఆరేళ్ళ పిల్లలకు 'రూల్' అంటే టీచరుకు నచ్చే మాట. అందుకే టీచరుకు నచ్చే మాటలే చెబుతారు. వాళ్ళను గుమ్మం దగ్గరకు, కుళాయి దగ్గరకు, భోజనం పెట్టే చోటికి తీసుకెళ్ళండి. ప్రతి చోటా రెండే ప్రశ్నలు: "ఇక్కడ నీకెప్పుడు బాధేసింది?", "ఏం చేస్తే బాధేయదు?". రెండో ప్రశ్నకు వచ్చిన జవాబును పిల్లలు చెప్పిన మాటల్లోనే రాసుకోండి.

ఎవరో ఒకరు "వీడు నన్ను తోశాడు" అని పేరు పెట్టి చెప్పడం మామూలే. అక్కడే "తోస్తే ఏమవుతుంది?" అని పని మీదికి మళ్ళించండి. లేకపోతే మిగతా సమయమంతా ఫిర్యాదులకే పోతుంది.

కొన్ని విషయాలు చర్చకు పెట్టకండి. గేటు దాటి వెళ్ళకపోవడం, కరెంటు స్విచ్చులు ముట్టుకోకపోవడం, సాంబారు గిన్నె దగ్గరకు పోకపోవడం మీరు పెట్టే నియమాలు. ఆ మాట పిల్లలకు ముందే సూటిగా చెప్పేయండి. ముందే తేలిపోయినదానికి ఉత్తుత్తి ఓటింగు పెడితే పిల్లలు పసిగడతారు, ఆ తర్వాత అసలు ఓటింగునూ నమ్మరు. అలాగే నీళ్ళు తాగడానికి, చిటికెన వేలు చూపించి బయటికి వెళ్ళడానికి ఏ నియమమూ అడ్డు రాకూడదు.

రెండో రోజు: మాట కూర్చడం, ఎంచుకోవడం

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. తెలుగులో 'వద్దు' అనే అర్థం మాట చివర వస్తుంది. "పరుగెత్తకూడదు" అని కూడబలుక్కుంటూ చదివే పిల్లకి ముందు తగిలేది పరుగే. 'కూడదు' దాకా చేరేసరికి సగం మంది ఆగిపోతారు. బొమ్మకూ ఇదే చిక్కు. పరుగెత్తే పిల్లాడిని గీసి మీద అడ్డంగా గీత కొడితే చిన్నపిల్లల కళ్ళు పరుగునే చూస్తాయి. తోపులాట గీయడం మహా సరదా కూడా, ఎంత బాగా గీస్తే అంత నవ్వుతారు. కాబట్టి చేయకూడనిది కాక చేసేదే రాయాలి, చేసేదే గీయాలి.

తర్వాతది 'మనం'. 'మేము' అంటే వినేవాళ్ళు అందులో లేరు, 'మనం' అంటే ఉన్నారు. నియమం 'మనం'తో సాగాలి, ఎందుకంటే టీచరూ అందులో ఉండాలి. దానికి సరిపోయే క్రియ '–దాం': ఆగి వెళదాం, వరసలో నిలబడదాం, అడిగి తీసుకుందాం, చేయి ఎత్తి చెబుదాం, ముందు విందాం. 'నిలబడవలెను' ఎవరో పై నుంచి ఇచ్చిన ఆజ్ఞలా ఉంటుంది, 'నిలబడదాం' పక్కనున్న వాళ్ళు అన్న మాటలా ఉంటుంది. ఈ మాటల్లో 'ఎత్తి' తప్ప వేటికీ వత్తులు లేకపోవడం ఇంకో లాభం. ఏడాది చివరికి ఒకటో తరగతి పిల్లలు వీటిని సొంతంగా చదవగలరు. వీలైనంతవరకు వత్తు లేని మాటనే ఎంచుకోండి, కానీ దానికోసం పిల్లల మాటను విరిచేయకండి. మీ ఊరి పిల్లలు "లైన్ల నిలబడదాం" అంటే అదే రాయండి.

తండాల్లో, గూడేల్లో, ఉర్దూ మాట్లాడే ఇళ్ళున్న చోట ఒక్కో నియమాన్నీ ఇంటి భాషలో ఎలా అంటారో పిల్లలనే అడగండి. లంబాడీ, కోయ, గోండి, ఏదైనా సరే, ఆ మాటను తెలుగు అక్షరాల్లో బొమ్మ పక్కన చిన్నగా రాయండి. ఆ పిల్ల నోరు విప్పేది సాధారణంగా అప్పుడే.

ఇలా ఎనిమిది, తొమ్మిది వాక్యాలు వస్తాయి. ఐదు చాలు, ఆరేళ్ళ పిల్లలకు అంతకన్నా ఎక్కువ గుర్తుండవు. ఎంచుకోవడానికి ఒక్కో వాక్యానికి ఒక గిన్నె పెట్టి, గుర్తుగా చిన్న బొమ్మ అంటించండి. ఒక్కొక్కరికి మూడు చింతగింజలు ఇచ్చి, నచ్చిన మూడు గిన్నెల్లో వేయమనండి. గిన్నెలు అందరికీ కనిపించేలా ఉంటే మొదటి పిల్లాడు ఎక్కడ వేస్తే అందరూ అక్కడే వేస్తారు. బీరువా చాటున పెట్టి, ఒక్కొక్కరినే పంపండి. ఆ తర్వాత గింజలను అందరితో కలిసి పైకి లెక్కపెట్టండి, ఆ పూటకు గణితం పాఠం కూడా అయిపోతుంది.

ఓటింగు అవగానే పిల్లలు శిక్షల గురించి మాట్లాడతారు, ఇది తప్పదు. గుంజీళ్ళు, గోడకుర్చీ, రూపాయి జరిమానా, బయట నిలబెట్టడం అంటారు. పెద్దల కన్నా కఠినంగా ఉంటాయి వాళ్ళ శిక్షలు. మీ జవాబు సిద్ధంగా ఉండాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పిల్లలకు చెప్పేటప్పుడు "బడిలో ఎవరినీ బాధపెట్టకూడదని చట్టం ఉంది, నేను కూడా బాధపెట్టకూడదు" అంటే చాలు. శిక్షకు బదులు సరిచేయడం అడగండి: నీళ్ళు ఒలికితే తుడుద్దాం, తోస్తే వెనక్కి వచ్చి మళ్ళీ నడుద్దాం. లీడరు చేత బోర్డు మీద "మాట్లాడిన వారి పేర్లు" రాయించే అలవాటు ఉంటే ఈ పనితో పాటే మానేయండి. అది ఉన్నంత కాలం నియమం అందరిదీ కాదు, లీడరుదే.

మూడో రోజు: స్టాచ్యూ, తర్వాత బొమ్మ

తిన్నగా కాగితాలు పంచితే ఏమొస్తుందో మీకు తెలుసు: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, కొబ్బరిచెట్టు, పక్కన అగ్గిపుల్ల మనిషి. పిల్లలకు గీయడం రాక కాదు, ఏం చూసి గీయాలో మనం చూపించకపోవడం వల్ల.

ఐదారుగురితో ఒక్కో జట్టు చేసి, జట్టుకో నియమం ఇవ్వండి. ముందు దాన్ని నటించాలి. సరిగ్గా జరుగుతున్న క్షణంలో మీరు "స్టాచ్యూ!" అనండి. ఆట తెలిసిందే కాబట్టి కదలరు. మిగతా వాళ్ళను అడగండి: "చేతులు ఎక్కడున్నాయి? కాళ్ళు ఎటు తిరిగున్నాయి? ఇద్దరి మధ్య ఎంత జాగా ఉంది?" అడిగి తీసుకోవడంలో చాచిన చేయే అసలు విషయం, వరసలో ఇద్దరి మధ్య ఖాళీయే అసలు విషయం. గీసేటప్పుడు ముందు చేతులే గీయమనండి. ఆ తర్వాత ముఖం, ఒళ్ళు.

ఒక్కొక్కరికీ సగం ఏ4 కాగితం ఇవ్వండి. పెన్సిలుతో పెద్దగా, కాగితం నిండా గీయాలి. చూపుడు వేలు కన్నా చిన్న మనిషిని గీస్తే గోడ మీద కనిపించడు. పెన్సిలు గీతల మీద నల్ల క్రేయాన్ దిద్దించి, లోపల రంగు వేయించండి. తల పెద్దది, చేతులు పొడవు, మనుషులంతా కాగితం కింది అంచు మీదే నిలబడటం ఈ వయసు బొమ్మల్లో సహజం. మీరు దిద్దకండి. టీచరు ఒక్క గీత సరిచేసిన బొమ్మను పిల్ల మర్నాటి నుంచి తనదిగా చూడదు.

జట్టు తన బొమ్మల్లోంచి ఒకటి ఎంచుకుంటుంది. అడగాల్సింది "ఏది బాగుంది?" అని కాదు, "ఏది చూస్తే ఏం చేయాలో తెలుస్తుంది?" అని. పక్క జట్టు పిల్లలను పిలిచి ఏమీ చెప్పకుండా చూపిస్తే పరీక్ష అయిపోతుంది. మిగతా బొమ్మలన్నీ దొంతర పెట్టి, దారంతో కుట్టి పుస్తకం చేసి మేకుకు వేలాడదీయండి. ఒక్క బొమ్మ కూడా చెత్తబుట్టలోకి పోకూడదు.

నాలుగో రోజు: పట్టీ, పేరు, గోడ

పట్టీని అడ్డంగా పెట్టండి. పైన బొమ్మ, కింద ఒక్క వరస మాట. అక్షరం అంగుళం ఎత్తుంటే 14 అంగుళాల్లో పది, పన్నెండు అక్షరాలు పడతాయి. గుడులకు పైన, వత్తులకు కింద అర అంగుళం చొప్పున వదలండి.

ఆరో పట్టీ మీద మూడు నిలువు వరసలు గీసి ఒక్కొక్కరి చేతా పేరు రాయించండి. వంకరగా వచ్చినా, ఒక్క మొదటి అక్షరమే వచ్చినా ఫరవాలేదు. వేలిముద్రలు వేయించడం అందంగానే ఉంటుంది, కానీ మన దగ్గర వేలిముద్రకు చదువు రాలేదనే అర్థం ఉంది, వద్దు. చివర మీ సంతకమూ పెట్టండి. కింద నాలుగైదు గళ్ళు ఖాళీగా ఉంచండి: ఆ రోజు రానివాళ్ళకు, జులైలో చేరేవాళ్ళకు.

తగిలించేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఎత్తు. నల్లబల్ల పైన ఏడడుగుల ఎత్తున కడితే అది తనిఖీకి వచ్చేవాళ్ళకే కనిపిస్తుంది. పట్టీ మధ్యభాగం నేల నుంచి మూడున్నర అడుగుల లోపే ఉండాలి, ఒకటో తరగతి పిల్లల కళ్ళు అక్కడ ఉంటాయి. సున్నం వేసిన గోడకు టేపు నిలవదు, సున్నం పొడిని ఊడబెరుక్కుని వచ్చేస్తుంది. మైదా జిగురుకు బొద్దింకలు చేరతాయి. పుస్తకాలు కుట్టేవాళ్ళలా అందులో మైలుతుత్తం కలుపుదామనుకోకండి, అది విషం. రెండు మేకుల మధ్య పురికొస కట్టి, క్లిప్పులతో తగిలించి, ఫ్యాను గాలికి ఎగరకుండా కింద అంచుకు సన్నటి వెదురు పుల్ల అంటించండి.

ఆ తర్వాత

మొదటి రెండు వారాలు రోజూ రెండు నిమిషాలు ఒక పట్టీ ఎంచుకుని స్టాచ్యూ ఆడించండి. ఎవరైనా మరిచిపోతే పేరు పెట్టి అరవకుండా బొమ్మను చూపించండి. మీరు మరిచిపోయినప్పుడు పిల్లలు అదే బొమ్మను మీకు చూపిస్తారు. పిల్ల చెబుతుంటే మధ్యలో ఫోను ఎత్తారనుకోండి, 'ముందు విందాం' వైపు వేలు వెళుతుంది. అప్పుడు మీరు ఫోను పెట్టేయాలి. నియమం నిలిచేదీ పోయేదీ ఆ క్షణంలోనే.

ఒక నియమం ఎంతకీ పనిచేయకపోతే పిల్లల కన్నా ముందు సామాను చూడండి. ముప్పై మందికి కుళాయి ఒక్కటే ఉంటే ఏ బొమ్మా తోపులాటను ఆపలేదు. నేల మీద సుద్దముక్కతో అడుగు దూరానికో సున్నా చుట్టండి, సగం మందిని ఐదు నిమిషాలు ఆలస్యంగా పంపండి. ఒక చెక్క పెట్టెలో నాలుగు రబ్బర్లు అందరికీ ఉమ్మడిగా పెడితే రబ్బరు గొడవ చాలావరకు తగ్గుతుంది.

దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి ఐదు పట్టీలూ కిందికి దించి అడగండి: "ఇది ఇంకా కావాలా?" అలవాటైపోయిన నియమాన్ని తీసి బొమ్మల పుస్తకంలో కుట్టేయండి. కొత్త గొడవ ఏదైనా వస్తే మిగిలిన రెండు పట్టీలు ఉన్నాయి. ఏప్రిల్‌లో అన్నీ దించేసి పుస్తకంలో చేర్చండి. వచ్చే జూన్‌లో వచ్చే పిల్లలకు ఆ పుస్తకం చూపించవచ్చు, కానీ పాత పట్టీలను మళ్ళీ గోడకెక్కించకండి.