దానిమ్మ తొక్కలతో బట్టకు రంగు: మా మిద్దె మీద నేను చేసే పద్ధతి

టవర్ క్లాక్ దగ్గర జ్యూస్ బండి పెట్టే అబ్బాయి రాత్రి బండి కట్టేసే ముందు నాకోసం ఒక కవరు పక్కన పెడతాడు. అందులో ఆ రోజు ఒలిచిన దానిమ్మ తొక్కలుంటాయి. మొదటిసారి అడిగినప్పుడు "ఆవుకా అక్కా?" అన్నాడు. బట్టకు రంగు వేయడానికని చెప్తే నమ్మలేదు. నెల తర్వాత ఆవపొడి రంగు చేతిరుమాలు ఒకటి తీసుకెళ్ళి ఇచ్చాను. అప్పటి నుంచి కుళ్ళిన తొక్కలను తనే ఏరి పారేసి, మంచివి మాత్రమే కవరులో వేస్తున్నాడు.

నాకు అనంతపురం పాతూరులో జాకెట్లు కుట్టే అంగడి ఉంది. ఆదివారం అంగడికి సెలవు. ఆ రోజు మిద్దె మీద గ్యాస్ పొయ్యి, రెండు పెద్ద స్టీలు గిన్నెలు, ఒక తక్కెడ పెట్టుకుని రంగు పని చేస్తాను. ఆరేళ్ళుగా ఇదే నా హాబీ. అనంతపురం జిల్లాలో దానిమ్మ తోటలు చాలా ఉన్నాయి కాబట్టి తొక్కలకు ఏ నెలలోనూ కరువుండదు. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకు నేను చెప్పే మొదటి రంగు కూడా ఇదే. చవక, విషం లేదు, ఎండకు త్వరగా పోదు.

చాలామంది పసుపుతోనో బీట్‌రూట్‌తోనో మొదలుపెడతారు, గిన్నెలో ఎర్రగా, పచ్చగా అంత బాగా కనిపిస్తాయి కాబట్టి. బీట్‌రూట్ రెండు ఉతుకుల్లో పోతుంది. పసుపు మన ఎండకు వారంలో వెలిసిపోతుంది, పైగా సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే ఇంట్లో ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. వాటి మీద ఆదివారాలు పోగొట్టుకోవద్దు.

ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. రంగు పట్టేది గిన్నెలో ఉడికే గంటలో కాదు, అంతకు ముందు బట్టను సిద్ధం చేసే మూడు రోజుల్లో. ఆ మూడు రోజులు ఓపిక పట్టలేక నేను మొదటి ఏడాదంతా మంచి బట్ట పాడుచేశాను.

ముందు బట్ట సంగతి. నూలు బట్ట కావాలి. కాటన్ అని అమ్మే దాంట్లో పాలిస్టర్ కలిసి ఉంటే రంగు సగం సగమే పడుతుంది. అనుమానముంటే అంచు నుంచి నాలుగు పోగులు లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. నేను కోరా బట్ట రెండు మీటర్లు తీసుకుంటాను. దాదాపు 200 గ్రాములు తూగుతుంది. పొడిగా ఉన్నప్పుడే తూచి రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే ఇక నుంచి ప్రతి కొలతా ఆ బరువును బట్టే. ఇక్కడ చెప్పేవన్నీ 200 గ్రాముల బట్టకు లెక్క.

కొత్త బట్టలో గంజి, పత్తిలో సహజంగా ఉండే మైనం ఉంటాయి. అవి పోకపోతే రంగు మరకలు మరకలుగా దిగుతుంది. ఐదారు లీటర్ల నీళ్ళలో వాషింగ్ సోడా రెండు టీ చెంచాలు, కొంచెం బట్టల సబ్బు తురుము వేసి గంటసేపు ఉడికించాలి. మా అవ్వ కాలంలో చాకలి వాళ్ళు చవుడు మట్టితో బట్టలు ఉడకేసేవాళ్ళు, అదీ ఇదే పని. తెల్లగా కనిపించిన బట్ట నుంచి టీ రంగు నీళ్ళు దిగుతాయి. బాగా జాడించి ఆరేసి, మీద ఒక నీటిచుక్క వేయండి. చుక్క వెంటనే ఇంకితే బట్ట సిద్ధమైనట్టు. ముత్యంలా నిలబడితే ఇంకోసారి ఉడికించాలి.

రెండో రోజు కరక్కాయ. మూలికలు అమ్మే అంగట్లో దొరుకుతుంది. కాయలు కొంటే దంచి లోపలి గింజ తీసేయాలి, వగరంతా పై కండలోనే ఉంటుంది. 40 గ్రాముల పొడిని గోరువెచ్చటి నీళ్ళలో కలిపి ఉండలు లేకుండా వడగట్టి, తడిపిన బట్టను అందులో రాత్రంతా నానబెట్టాలి. మధ్యలో రెండు మూడుసార్లు తిప్పాలి. పొద్దున పిండి, జాడించకుండానే ఆరేయాలి. బట్ట లేత గోధుమ రంగుకు వస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు కరక్కాయను గేదెపాలలో కలుపుతారు. కలంతో గీసిన గీత పక్కకు పాకకుండా ఉండటానికి వాళ్ళకు ఆ పాలు అవసరం. మనం బట్టంతా ముంచుతాం కాబట్టి పాలు అక్కర్లేదు.

కరక్కాయ ఎందుకని అడుగుతారు. పట్టుకు, ఉన్నికి పటిక సులభంగా అంటుతుంది. నూలుకు అంత తేలిగ్గా అంటదు. నూలును కరక్కాయలోని వగరు పట్టుకుంటుంది, ఆ వగరు పటికను పట్టుకుంటుంది, పటిక రంగును పట్టుకుంటుంది. దానిమ్మ తొక్కలోనూ నాలుక పీక్కుపోయేంత వగరుంది, కాబట్టి కరక్కాయ మానేసినా కొంత రంగు పడుతుంది. రెండు రకాలూ చేసి, పది ఉతుకుల తర్వాత పక్కపక్కన పెట్టి చూశాను. ఇప్పుడు కరక్కాయ ఎప్పుడూ మానను.

మూడో రోజు పటిక. 30 గ్రాముల పటికను వేడినీళ్ళలో కరిగించి, వేరే గ్లాసులో ఒక చిన్న చెంచా వాషింగ్ సోడా కరిగించి, కొంచెం కొంచెంగా పటిక నీళ్ళలో పోయాలి. బుస్సున పొంగుతుంది, అందుకే గిన్నె పెద్దదిగా ఉండాలి. పొంగు తగ్గాక మిగతా నీళ్ళు కలిపి, బట్టను ఆ రాత్రంతా ఉంచి పొద్దున పిండి ఆరేయాలి. రంగులో వేసే ముందు మామూలు నీళ్ళలో ఒకసారి జాడిస్తే చాలు.

ఇక నీళ్ళ విషయం. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పలేదు.

మూడో ఏడు మా చెల్లెలి కూతురి సీమంతానికి పసుపు రంగు జాకెట్ ముక్కలు ఇస్తానని మాటిచ్చాను. అన్నీ కొలత ప్రకారమే చేశాను. గిన్నెలో నీళ్ళు వేడెక్కుతుండగానే పసుపు చచ్చిపోయి బురద ఆకుపచ్చకు తిరిగింది. పదిహేను ముక్కలు, మూడు వారాల పని. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. రెండు రోజులు ఆలోచిస్తే అర్థమైంది. ఆ వారం మోటారు పాడై, పక్కింటి పాత బోరు నీళ్ళు పట్టాను. దాని ఇనుప పైపు లోపలంతా తుప్పు. వగరుకు ఇనుము తగిలితే నల్లబడుతుంది. దానిమ్మ కోసిన కత్తి మీద నల్ల మచ్చ పడటం మనం రోజూ చూసేదే, కానీ నీళ్ళలో ఇనుముంటుందని నాకు తట్టలేదు.

ఇప్పుడు కొత్త నీళ్ళయితే ముందు పరీక్ష చేస్తాను. రెండు గాజు గ్లాసులు తీసుకుని ఒకదాంట్లో వాన నీళ్ళు లేదా క్యాన్ నీళ్ళు, ఇంకోదాంట్లో బోరు నీళ్ళు పోసి, రెండింటిలో చిటికెడు కరక్కాయ పొడి కలుపుతాను. పావుగంట తర్వాత బోరు నీళ్ళ గ్లాసు బూడిద రంగుకో నీలి నలుపుకో తిరిగితే అందులో ఇనుముంది. ఆ నీళ్ళు పసుపు రంగుకు పనికిరావు. ఇనుము లేకుండా ఉప్పదనం మాత్రమే ఉన్న బోరు నీళ్ళు అంత చెడ్డవి కావు. మా వీధి నీళ్ళలో సబ్బు నురగే రాదు, అయినా వాటిలో దానిమ్మ పసుపు కాస్త ముదురుగా వస్తుంది. లేత నిమ్మపండు రంగు కావాలంటే మాత్రం వాన నీళ్ళే. మా జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. వాన పడిన రోజు మిద్దె కడిగిన మొదటి నీళ్ళు వదిలేసి, ఆ తర్వాతవి రెండు డ్రమ్ములు పట్టి మూత బిగించి పెడతాను. ఆ రెండు డ్రమ్ములే నాకు బంగారం.

రంగు తీయడం వీటన్నిటికంటే తేలిక. ఎండిన తొక్కలు 200 గ్రాములు, అంటే బట్ట ఎంతో తొక్కలంతే. పచ్చివైతే మూడింతలు. చిన్న ముక్కలు చేసి రాత్రి నానబెట్టి, పొద్దున అవే నీళ్ళలో సన్నటి సెగ మీద గంటసేపు ఉడికించాలి. కుతకుత పెద్దగా మరిగిస్తే రంగు గోధుమ వైపు పోతుంది. పలచటి గుడ్డలో వడగట్టి, బట్ట హాయిగా కదిలేటట్టు నీళ్ళు కలిపి, తడి బట్టను వేయండి. ముక్కాలు గంట సన్న సెగ. మొదటి పదిహేను నిమిషాలు పొయ్యి వదిలి వెళ్ళకండి, చెక్క గరిటెతో తిప్పుతూనే ఉండాలి, లేదంటే మడతల్లో చారలు పడతాయి. తర్వాత పొయ్యి ఆపి అదే నీళ్ళలో తెల్లారేదాకా వదిలేయండి. ఆ చల్లారే రాత్రి రంగు ఇంకాస్త లోపలికి దిగుతుంది. ఈ గిన్నెలు, గరిటె మళ్ళీ వంటకు వాడకూడదు. పటిక, అన్నభేది (రెండో రంగుకు వాడే ఇనుప ఉప్పు, ఫెర్రస్ సల్ఫేట్) డబ్బాల మీద పేర్లు రాసి పిల్లలకు అందని చోట పెట్టండి.

చెడిపోయిన ఆ పదిహేను ముక్కల వల్లే నేను రెండో రంగు నేర్చుకున్నాను. నీళ్ళలోని ఇనుము చేసిన పనిని మనం కావాలని చేస్తే ఆలివ్ ఆకుపచ్చ, పొగ బూడిద రంగులు వస్తాయి. దానిమ్మ పసుపు రంగు వేసి జాడించిన బట్టను, నాలుగు లీటర్ల గోరువెచ్చటి నీళ్ళలో 4 గ్రాముల అన్నభేది కరిగించి, ఐదు నిమిషాలు ముంచితే కళ్ళ ముందే రంగు మారుతుంది. అంతకు మించి వేయొద్దు. ఇనుము ఎక్కువైతే బట్ట రెండేళ్ళలో పీలికలవుతుంది. అన్నభేది వద్దనుకుంటే కలంకారీ వాళ్ళ నల్ల నీళ్ళు ఇంట్లోనే చేసుకోవచ్చు. తుప్పుపట్టిన మేకులు పావు కిలో, బెల్లం 100 గ్రాములు, నీళ్ళు రెండు లీటర్లు మట్టి కుండలో వేసి, గుడ్డ కట్టి, ఇరవై రోజులు నీడలో పెట్టాలి. మూత బిగిస్తే పులిసి పొంగుతుంది. వడగట్టి, ఒక బకెట్ నీళ్ళకు ఒక గ్లాసు చొప్పున వాడుతాను. మా చెల్లెలి కూతురికి చివరికి ఇచ్చింది అంచుల్లో పసుపు, మధ్యలో పొగ రంగు ఉన్న ముక్కలు. వాళ్ళ అత్తమ్మ ఇంకో నాలుగు అడిగి పట్టుకెళ్ళింది.

ధర్మవరంలో మా చిన్నాయన మగ్గం మీద మిగిలిన పట్టు పోగులు అప్పుడప్పుడు ఇస్తాడు. పట్టుకు కరక్కాయ అక్కర్లేదు, వంద గ్రాములకు పది గ్రాముల పటిక చాలు. కానీ నీళ్ళు మరగకూడదు. ఆవిరి లేవాలి, బుడగ రాకూడదు. మరిగితే మెరుపు పోతుంది. అదే దానిమ్మ నీళ్ళలో నూలు ఆవపొడిలా వస్తే పట్టు బంగారంలా వస్తుంది. ఇంతకంటే బాగా చెప్పలేను, ఒక్కసారి చేసి చూడండి.

ఇతర సామాను గురించి క్లుప్తంగా. బంతిపూలు మంచి పసుపునిస్తాయి, పండగ తర్వాత గుమ్మాల నుంచి తీసిన దండలు ఎండబెట్టి దాచుకోవచ్చు. ఉల్లిపొట్టు నారింజ వైపు వస్తుంది కానీ నూలు మీద ఎక్కువ కాలం నిలవదు. వేయించి నలిపిన శనక్కాయల ఎర్ర పొట్టు లేత గోధుమ రంగునిస్తుంది, నల్ల నీళ్ళలో ముంచితే పావురం బూడిద. ఎర్రచందనం జోలికి పోవద్దు. ఆ చెక్క ఒకప్పుడు రంగుకు వాడిందే, కానీ ఇప్పుడు అది చట్టం కాపాడుతున్న చెట్టు.

నీలి మీద ఆశ పడని వాళ్ళుండరు. కడప జిల్లాలో ఒకప్పుడు నీలి పంట విరివిగా ఉండేది. 1897లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిని అమ్మకానికి తెచ్చాక దేశమంతా ఆ సాగు దెబ్బతింది. కానీ నీలి పద్ధతే వేరు. అది నీళ్ళలో కరగదు. సున్నం, బెల్లం లాంటి వాటితో దాన్ని కరిగే రూపానికి తేవాలి, గాలి తగలకుండా కాపాడాలి. అప్పుడు తొట్టిలోని నీళ్ళు పచ్చగా ఉంటాయి, ముంచిన బట్ట బయటికొచ్చి గాలి తగిలాక నీలంగా మారుతుంది. దానిమ్మతో కనీసం ఆరు నెలలు చెయ్యి తిరిగాక దాని దగ్గరికి వెళ్ళండి. అప్పుడు మీ పసుపు బట్టనే నీలిలో ముంచి చిలకపచ్చ తెచ్చుకోవచ్చు.

రంగు వేసిన బట్టను మూడు రోజులు నీడలో ఆరబెట్టి, ఆ తర్వాతే మొదటిసారి ఉతకండి. కుంకుడు రసం అన్నిటికంటే మంచిది. ఘాటు డిటర్జెంట్ పౌడరు పసుపును గోధుమ చేస్తుంది. మొదటి రెండుసార్లు విడిగా ఉతకాలి, ఎప్పుడూ తిరగేసి నీడనే ఆరేయాలి. ఎవరికైనా కుట్టి ఇచ్చే ముందు ఎండ పరీక్ష చేయండి. ఒక చిన్న ముక్కను సగం అట్టతో కప్పి, పడమటి కిటికీకి రెండు వారాలు కట్టండి. అట్ట తీశాక రెండు సగాలకు తేడా బాగా కనిపిస్తే ఆ రంగును బయట తొడిగే బట్టకు వాడకండి, బొంత లోపలి పొరకు వాడుకోండి.

ప్రతి రంగుకూ రెండు అంగుళాల ముక్క కత్తిరించి నోటు పుస్తకంలో కుట్టి, పక్కన బట్ట బరువు, పటిక ఎంత, ఏ నీళ్ళు, ఏ నెల అని రాయండి. నా పుస్తకంలో ఇప్పుడు 140 ముక్కలున్నాయి. బురద ఆకుపచ్చ ముక్క 61వది. దాని పక్కన "పక్కింటి బోరు" అని ఎర్ర పెన్నుతో రాసి ఉంది.