వరి జన్యువుల పని అంచనా వేయడంలో నేను దిద్దుకున్న రెండు పొరపాట్లు

ప్రొటీన్ సీక్వెన్సును (అమైనో ఆమ్లాల వరుసను) బట్టి వరి జన్యువుల పనిని అంచనా వేసేందుకు నేను రాసుకున్న ప్రోగ్రాం మొదటి పరీక్షలోనే నమ్మశక్యం కానంత మంచి ఫలితాలు ఇచ్చింది. అనుమానం అప్పుడే రావలసింది. చాలా రోజుల తర్వాత ప్రోగ్రాంకు శిక్షణ కోసం ఇచ్చిన జీన్ ఆంటాలజీ ఫైలు (ఏ జన్యువు పని ఏమిటో చెప్పే జాబితా) తెరిచి, ఆ పని ఎలా తేలిందో చెప్పే ఆధారపు కోడ్ల కాలమ్ చూస్తే, అత్యధిక వరుసల్లో ‘ఐఈఏ’ అనే కోడే ఉంది. అంటే ఆ పనులను ఎవరూ ప్రయోగంతో తేల్చలేదు, పోలికలను బట్టి మరో కంప్యూటర్ పద్ధతి అంటించినవే. నా ప్రోగ్రాం వేరొకరి ఊహను బట్టీ పడుతోందన్నమాట.

ఆ వరుసలన్నీ తీసేసి, ‘ఐడీఏ’, ‘ఐఎంపీ’ వంటి ప్రయోగాధార కోడ్లున్న వాటినే ఉంచాను. అయినా స్కోరు ఎక్కువగానే వచ్చింది. కారణం కవల జన్యువులు, అంటే దాదాపు ఒకేలా ఉండే జన్యువుల జంటలు. వరిలో 11, 12 క్రోమోజోముల పొట్టి భుజాల చివర్లు దాదాపు ఒకదానికొకటి నకలు కాబట్టి, డేటాను యాదృచ్ఛికంగా విడగొడితే ఒక కవల శిక్షణలోకి, రెండోది పరీక్షలోకి వెళ్తున్నాయి; పరీక్షలో జవాబు ప్రోగ్రాంకు ముందే తెలిసినట్టే. సీక్వెన్సుల పోలికను బట్టి గుంపులు చేసే సీడీ-హిట్ అనే ప్రోగ్రాంతో 40 శాతం పోలిక వద్ద ప్రొటీన్లను గుంపులు చేసి, ఏ గుంపునూ రెండు వైపులకు చీల్చకుండా మళ్లీ నడిపాను. స్కోరు బాగా పడిపోయింది. నా నివేదికలో ఆ అంకెనే రాశాను.