బతికున్న కొర్రమీను కొనేటప్పుడు

మృగశిర కార్తె ప్రవేశించే జూన్ 8 ప్రాంతంలో తెలంగాణలో చేప తినే ఇళ్లలో చేపల కూర తప్పనిసరి. ఆ ఉదయం హైదరాబాదు రాంనగర్ మార్కెట్లో, తొట్టిలోని కొద్దిపాటి నీళ్లలో ఒకదానిపై ఒకటి మసలే కొర్రమీనులను చూస్తే కూర మీద కోరిక, ఆ ప్రాణి మీద జాలి ఒకేసారి కలుగుతాయి. నాకు ఇప్పటికీ అంతే. జాలి కలిగిందని చేప మానేయమని చెప్పను, తినబోతున్నామని జాలిని అణచుకోమనీ చెప్పను. ఆ జాలిని చేపను కొనే పద్ధతిలో చూపించవచ్చు.

2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీనుకు మొప్పలతో పాటు తలలో గాలి పీల్చుకునే అర కూడా ఉంటుంది. పైకి వచ్చి గాలి అందుకోలేకపోతే అది నీళ్లలోనే ఊపిరాడక చనిపోతుంది. ఒంటి తడి ఆరకపోతే మాత్రం ఒడ్డున కూడా గంటల తరబడి బతుకుతుంది కనుకనే దానిని ప్రాణంతో అమ్మగలుగుతున్నారు. చావు ఆలస్యమైన కొద్దీ బాధ కూడా సాగుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఆహారం కోసం చంపడాన్ని నేరంగా చూడదు గానీ అనవసరమైన బాధ పెట్టడాన్ని అనుమతించదు.

అందువల్ల చేపను ఎంచుకోగానే అక్కడి నుంచి కదలకండి. జిగురు పోవడానికి బూడిద రుద్దే పని ప్రాణం ఉండగానే మొదలవడం నేను చూశాను. బూడిద అంటిన ఆ నోరు తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంది. “అక్కా, ముందు తల మీద గట్టిగా కొట్టు, సోయి పోయినంకనే బూడిద రాయి” అని అడగండి. కళ్లకు కాస్త పైన, మెదడు ఉన్నచోట దుడ్డుకర్రతో ఒక్క బలమైన దెబ్బ పడితే చాలు. చేపను అటూ ఇటూ ఒరగేసినప్పుడు కన్ను తలతో పాటే తిరగాలి. విడిగా కదిలితే ఇంకా స్పృహ ఉన్నట్టే, మరో దెబ్బ వేయమనాలి. ఆ తరువాతే మొప్పలు కోయించాలి.

ప్రాణంతో ఇంటికి తీసుకుపోకపోవడమే మేలు. తప్పనిసరైతే, నీళ్లు నింపి మూతి బిగించిన కవరు వద్దు. చిల్లుల మూత ఉన్న బకెట్లో కొద్దిగా నీళ్లు పోసి తీసుకెళ్లండి. ఇదంతా చూడలేనివారు ఐసులో పెట్టిన రవ్వ చేపనో బొచ్చె చేపనో కొనుక్కోవచ్చు, అందులో తప్పేమీ లేదు.

ఉప్పు, పసుపు పట్టించేటప్పుడు తాజా ముక్కలు గిన్నెలో అదరవచ్చు. అది ప్రాణం కాదు, కండలో మిగిలిన స్పందన మాత్రమే. పక్కన పిల్లలుంటే ఆ మాట ముందే చెప్పి, అదురు తగ్గాకే పొయ్యి వెలిగించండి.