అరువు లాప్‌టాప్ తిరిగొచ్చేసరికి ఖాళీ అయిపోవాలంటే

మా రీడింగ్ రూమ్‌లో ఆరు లాప్‌టాప్‌లు ఉన్నాయి. రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకోవాలి, సాయంత్రానికి తెచ్చి ఇచ్చేయాలి. ఎక్కువ మంది తీసుకునేది అప్లికేషన్లు నింపడానికే. ఒకరోజు ఒకమ్మాయి కౌన్సెలింగ్‌కి సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేస్తూ "అన్నా, ఇందులో నా మెమో ఏదో తెలియట్లేదు, కాస్త చూడవా" అని పిలిచింది. వెళ్లి చూస్తే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మెమో, మెమో 1, మెమో 2 అంటూ వరుసగా పదకొండు ఫైళ్లు. అందులో తనది ఒక్కటే, మిగతా పదీ అంతకుముందు ఆ లాప్‌టాప్ తీసుకెళ్లిన పిల్లలవి. కొంచెంలో తప్పిపోయింది గానీ, ఎవరిదో మెమో తన పేరు మీద అప్‌లోడ్ అయిపోయేదే.

ఆ మెమోల పక్కనే ఈ-ఆధార్ పీడీఎఫ్‌లు కూడా ఉన్నాయి. వాటికి పాస్‌వర్డ్ ఉంటుంది కదా, ఫర్వాలేదు అనుకుంటాం. ఆ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, ఆ తర్వాత పుట్టిన సంవత్సరం. ఆ రెండూ పక్కనున్న టెన్త్ మెమో మీదే ఉంటాయి. అంటే తాళం, తాళంచెవి రెండూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి పక్కవాళ్ల చేతికి ఇస్తున్నాం మనం.

అప్పటిదాకా మేం చేసిందల్లా లాప్‌టాప్ వెనక్కి తీసుకునేటప్పుడు "మీ ఫైళ్లు తీసేశారా?" అని అడగడమే. బస్సుకి టైమైపోతున్న మనిషి తీసేశాననే అంటాడు, అతన్ని తప్పుపట్టి లాభం లేదు. ఈ పని మనుషుల జ్ఞాపకం మీద వదలకూడదు, లాప్‌టాపే చేసుకోవాలి.

దీనికి విండోస్‌లోనే షేర్డ్ పీసీ మోడ్ అని ఒకటుంది, విడిగా ఏమీ కొననక్కర్లేదు. ప్రో, ఎడ్యుకేషన్, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్లలో పనిచేస్తుంది, హోమ్‌లో పనిచేయదు. ఇది ఆన్ చేస్తే లాగిన్ స్క్రీన్ మీద గెస్ట్ అని వస్తుంది, పాస్‌వర్డ్ అడగదు. నొక్కగానే అప్పటికప్పుడు కొత్త అకౌంట్ తయారవుతుంది. సైన్ అవుట్ అవగానే ఆ అకౌంట్, దాని డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు అన్నీ కలిపి పోతాయి.

ముందు లాప్‌టాప్‌ని రీసెట్ చేసి శుభ్రమైన విండోస్ పెట్టుకోండి. మీకోసం ఒక అడ్మిన్ అకౌంట్ గట్టి పాస్‌వర్డ్‌తో పెట్టండి, ఇది షేర్డ్ పీసీ మోడ్ ఆన్ చేయకముందే జరగాలి. అప్పటికే ఉన్న లోకల్ అకౌంట్ల జోలికి ఆ మోడ్ వెళ్లదు కాబట్టి మీ అకౌంట్ భద్రంగా ఉంటుంది. తర్వాత మీ సొంత కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి విండోస్ కాన్ఫిగరేషన్ డిజైనర్ అనే ఉచిత యాప్ దింపుకుని, అందులో అడ్వాన్స్‌డ్ ప్రొవిజనింగ్ ఎంచుకుని, రన్‌టైమ్ సెట్టింగ్స్ కింద షేర్డ్ పీసీ దగ్గరికి వెళ్లండి. ఎనేబుల్ షేర్డ్ పీసీ మోడ్‌ని ట్రూ చేయాలి, అకౌంట్ మోడల్‌లో ఓన్లీ గెస్ట్, డిలీషన్ పాలసీలో డిలీట్ ఇమీడియట్లీ పెట్టాలి. ఈ డిలీషన్ పాలసీ దగ్గర తొందరపడకండి, డిస్క్ నిండినప్పుడు తీసేయమనే ఆప్షన్లు కూడా అక్కడే ఉంటాయి, మనకవి పనికిరావు. సెట్ పవర్ పాలసీస్ మాత్రం ఫాల్స్‌లోనే ఉంచండి, ఎందుకో కింద చెప్తాను. ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే ప్యాకేజీ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ప్రతి లాప్‌టాప్‌లో అడ్మిన్‌గా లాగిన్ అయి దాని మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు. మా ఆరింటికీ ఒక్క ఫైలే సరిపోయింది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది.

అసలు చిక్కు మూతతో. మన దగ్గర ఎవరూ సైన్ అవుట్ చేయరు, మూత వేసి ఇచ్చేస్తారు. మూత వేస్తే లాప్‌టాప్ స్లీప్‌లోకి పోతుందే తప్ప సైన్ అవుట్ అవదు, సైన్ అవుట్ అవకపోతే ఏదీ డిలీట్ అవదు, తర్వాత మూత తెరిచినవాళ్లకి అవతలివాళ్ల జీమెయిల్ తెరిచే ఉంటుంది. అందుకే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, మూత వేస్తే ఏం చేయాలి అన్నచోట బ్యాటరీ మీద, ఛార్జింగ్‌లో రెండింటికీ షట్‌డౌన్ పెట్టండి. ఇందాక పవర్ పాలసీస్ ఫాల్స్‌లో ఉంచమన్నది ఇందుకే, అది ట్రూ అయితే మూత వేసినప్పుడు స్లీప్ అని అదే పెట్టేస్తుంది.

దీనివల్ల ఒక నష్టం ఉంది, ముందే చెప్పకపోతే గొడవవుతుంది. టీకి వెళ్తూ మూత వేసిన పిల్లాడి సగం రాసిన రెజ్యూమె తిరిగొచ్చేసరికి ఉండదు. మేం మూత మీద పెద్దక్షరాలతో స్టిక్కర్ అంటించాం: "మూత వేస్తే ఇందులో ఉన్నవన్నీ పోతాయి. మీ ఫైళ్లు మీ పెన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో పెట్టుకోండి." ఇచ్చేటప్పుడు నోటితో కూడా చెప్తాం. ఒకరి కష్టం పోగొట్టే హక్కు మనకి లేదు కాబట్టి ఈ మాట చెప్పకుండా లాప్‌టాప్ చేతికివ్వకండి.

రెండోది డి డ్రైవ్. మన షాపుల్లో లాప్‌టాప్ కొంటే డిస్క్‌ని సి, డి అని రెండు పార్టిషన్లు (భాగాలు) చేసి ఇవ్వడం అలవాటు, ముఖ్యమైనవి డి లో దాచుకోవడం మనకీ అలవాటు. గెస్ట్ అకౌంట్ పోయినా డి లో వేసిన ఫైలు అలాగే ఉండిపోతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డి ని తీసేసి, ఆ జాగా సి కి కలిపేయండి. డి లో పనికొచ్చేవి ఏమన్నా ఉంటే ముందు కాపీ తీసుకోండి. సి డ్రైవ్‌లో యూజర్స్ కింద పబ్లిక్ అనే ఫోల్డర్ ఉంటుంది, అది కూడా ఎవరి అకౌంట్‌కీ చెందదు కాబట్టి దానంతటది ఖాళీ అవదు. దాన్ని ఖాళీ చేసే చిన్న బ్యాచ్ ఫైల్ (కమాండ్లు రాసుకున్న ఫైల్) ఒకటి రాసి, విండోస్‌లోనే ఉండే టాస్క్ షెడ్యూలర్‌లో ఎవరైనా లాగిన్ అయినప్పుడల్లా నడిచేలా పెట్టుకోవచ్చు.

కొందరు యూజర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి పాతవాళ్ల ఫోల్డర్లు చేత్తో డిలీట్ చేస్తుంటారు. అలా చేయకండి. రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట, ఆ ప్రొఫైల్ తాలూకు ఎంట్రీ మిగిలిపోయి, అదే అకౌంట్‌తో మళ్లీ లాగిన్ అయితే టెంపరరీ ప్రొఫైల్ వచ్చి కూర్చుంటుంది. ఎప్పుడైనా చేత్తో తీయాల్సి వస్తే అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో యూజర్ ప్రొఫైల్స్ దగ్గర తీయాలి.

డిస్క్ మొత్తానికీ తాళం వేసే బిట్‌లాకర్ విండోస్‌లోనే ఉంటుంది, అది కూడా ఆన్ చేసి, రికవరీ కీ ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. లాప్‌టాప్ పోయినా డిస్క్ ఊడదీసి చదవడం కుదరదు.

మీది విండోస్ హోమ్ అయితే, లేదా విండోస్ 11 ఎక్కని పాత లాప్‌టాప్ అయితే (విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది) విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసేయమనే నా సలహా. లాగిన్ విండో సెట్టింగ్స్‌లో యూజర్స్ ట్యాబ్‌లో గెస్ట్ సెషన్స్ ఒక్కటి టిక్ చేస్తే లాగవుట్ అవగానే అన్నీ పోతాయి. ఫారాలు నింపడానికి, పీడీఎఫ్‌లు చూడటానికి అది ధారాళంగా చాలు. మూత, రెండో పార్టిషన్ సంగతులు అక్కడా చూసుకోవాలి.

అన్నీ పెట్టాక మీరే గెస్ట్‌గా లాగిన్ అయి డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో ఒక్కో ఫైల్ పెట్టి, బ్రౌజర్‌లో ఏదో ఒక సైట్‌లో లాగిన్ అయి, మూత వేసి ఇచ్చేయండి, అచ్చం వాళ్లలాగే. ఐదు నిమిషాలాగి ఆన్ చేసి గెస్ట్‌లోకి వెళ్లి వెతకండి. మా డి డ్రైవ్ సంగతి బయటపడింది ఈ పరీక్షలోనే. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసినవాళ్ల విషయంలో సైన్ అవుట్ సరిగ్గా జరగదు కాబట్టి, లాప్‌టాప్ వెనక్కి తీసుకున్నాక ఒకసారి అడ్మిన్‌గా యూజర్స్ ఫోల్డర్ చూసే అలవాటు మేం మానలేదు. వాట్సాప్ వెబ్ వాడినవాళ్లని మాత్రం వెళ్లేముందు ఫోన్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి, మా లాప్‌టాప్‌ని అక్కణ్నుంచి లాగవుట్ చేయమంటాం.