నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ చూపు నిలవాలంటే ఎలా పట్టుకోవాలి?

బిడ్డ తన వైపు చూడడం లేదని తల్లి బెంగపడుతుంది. అమ్మమ్మ గిలక్కాయను ఇంకా గట్టిగా ఊపుతుంది. తండ్రి ఫోనులో పాట పెడతాడు. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో కాన్పయిన ఇళ్లలో పదిహేనేళ్లుగా నేను చూస్తున్నది ఇదే. ఆ సమయంలో బిడ్డ మెడ ఒక పక్కకు వాలిపోయి ఉంటుంది. చేతులు గాలిలో కొట్టుకుంటుంటాయి. కాళ్లు కప్ప కాళ్లలా పరుపు మీద పరుచుకుని ఉంటాయి. అటు ఎవరి దృష్టీ పోదు. ఒళ్లు కుదురుకోని బిడ్డకు చూపు కుదరదు. ముందు ఒంటి సంగతి చూడండి, గిలక్కాయలు తర్వాత.

మొదట వయసు లెక్క సరిచేసుకోండి. 40 వారాలకు ఎన్ని వారాలు తక్కువైతే అన్ని వారాలు వయసులోంచి తీసేయాలి. 30 వారాలకే పుట్టిన బిడ్డకు ఇప్పుడు నాలుగు నెలలంటే, చూపు విషయంలో వాడు ఏడు వారాల బిడ్డే. పక్కింటి పాపతో పోల్చి కంగారుపడకండి. కంటి పరీక్ష అయిందో లేదో కూడా చూసుకోండి. 34 వారాల లోపు కానీ, రెండు కిలోల లోపు బరువుతో కానీ పుట్టిన బిడ్డకు రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష 30 రోజుల లోపే జరగాలి. 28 వారాలైనా నిండకుండా పుడితే రెండు మూడు వారాలకే చేయించాలి. అది చేయించలేదంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ఇవాళే వెళ్లండి.

కావలసినవి ఒక గోడ, ఒక చాప, రెండు పాత నూలు తువ్వాళ్లు. టర్కీ తువ్వాలు వద్దు, చుడితే మరీ లావవుతుంది. పాలు తాగి అరగంట దాటాలి, బిడ్డ ఏడవకుండా మెలకువగా ఉండాలి. ఉదయం స్నానానికి ముందే చేయండి. స్నానమయ్యాక బిడ్డకు నిద్ర తప్ప మరొకటి పట్టదు.

గోడకు ఆనుకుని కూర్చుని మోకాళ్లు మడవండి. బిడ్డను మీ తొడల మీద వెల్లకిలా, ముఖం మీ వైపు ఉండేలా పడుకోబెట్టండి. తల మీ మోకాళ్ల వైపు, పిరుదులు మీ పొట్ట దగ్గర ఉండాలి. కాళ్లు మడిచి పాదాలు మీ పొట్టకు ఆనించండి. పాదాలకు ఆనిక దొరికితే సగం గింజులాట అక్కడే తగ్గుతుంది.

ఇక అందరూ పొరపాటు చేసేది భుజాల దగ్గరా మెడ దగ్గరా. దీన్ని మాత్రం తొందరపడకుండా చదవండి.

కడుపులో చివరి వారాల్లో చోటు ఇరుకై బిడ్డ ముడుచుకుని పెరుగుతుంది. ఒంటిని దగ్గరికి ముడుచుకునే పట్టు కండరాలకు వచ్చేది ఆ రోజుల్లోనే. నెలలు నిండని బిడ్డకు ఆ రోజులు దక్కవు. పరుపు మీద పడుకునే సరికి భుజాలు వెనక్కి, చేతులు పక్కలకు జారిపోతాయి. తల కాస్త కదిలితే ఉలిక్కిపడి చేతులు విసురుతుంది. తల ఒక పక్కకు తిరిగితే ఆ వైపు చెయ్యి చాచుకుని, రెండో చెయ్యి మడుచుకుని, బాణం ఎక్కుపెట్టినట్టు ఉండిపోతుంది. పడిపోకుండా ఆపుకోవడానికే బలమంతా ఖర్చవుతుంటే మీ ముఖం చూడడానికి ఏం మిగులుతుంది?

అందుకే తువ్వాళ్లను చుట్టలుగా చుట్టి రెండు భుజాల వెనక పక్కల నుంచి ఆనించండి. చేతులు వాటంతట అవే ఛాతీ మీదికి, నోటి దగ్గరికి రావాలి. మీరు లాగి పట్టుకుంటే అది పట్టు కాదు, కట్టు. తల నిటారుగా నడిమికి ఉండాలి. తల కింద దిండు పెట్టనే పెట్టకండి. దిండు తలను ముందుకు తోస్తుంది, గడ్డం ఛాతీకి నొక్కుకుంటుంది, సన్నని ఊపిరి గొట్టం మూసుకుపోతుంది. గడ్డానికీ ఛాతీకీ మధ్య మీ వేలు సులువుగా దూరాలి. పెదవుల రంగు మారినా, ఊపిరి చప్పుడైనా వెంటనే తీసి ఎత్తుకోండి. ఈ తువ్వాళ్లు మీ కళ్లెదుట, మెలకువలో మాత్రమే. నిద్రలో వెల్లకిలా, చుట్టూ ఏమీ లేకుండా పడుకోబెట్టాలి.

ఇప్పుడు మీ ముఖం 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరానికి తెచ్చి ఊరుకోండి. మాట్లాడకండి. ఒకసారికి ఒక్కటే: ముందు ముఖం, అది అలవాటయ్యాక గొంతు. పోయిన నెల ఒక ఇంట్లో అమ్మమ్మ తాళాలగుత్తి ఆడిస్తూనే ఉంది, మనవడు గోడ వైపే చూస్తున్నాడు. తాళాలు పక్కన పెట్టించి, వాడిని ఆవిడ తొడల మీద ఇలాగే కుదిర్చాను. అర నిమిషంలో గుప్పిళ్లు సడలాయి, తన్నులు ఆగాయి, కనుబొమలు పైకి లేచాయి. ఆవిడ నుదుటి మీది కుంకుమ బొట్టు మీద చూపు నిలిచింది. కాళ్లూ చేతులూ అలా నిమ్మళించడమే చూస్తున్నాడనడానికి గుర్తు. ఆవిడ ఊపిరి బిగబట్టి కూర్చుంది.

చూపు తిప్పేసుకుంటే ఆపేయండి. ఆవలింత, తుమ్ము, ఎక్కిళ్లు, వేళ్లు విచ్చుకోవడం, నడుము విల్లులా వంచడం, ఇవన్నీ చాలని చెప్పడమే. ముఖం పట్టుకుని తిప్పకండి. మొదట్లో ఒకటి రెండు నిమిషాలు చాలు.

ఉయ్యాలలో వేస్తే కూడా ముడుచుకుంటాడు కదా అని అడుగుతారు. ముడుచుకుంటాడు, నిద్రపోతాడు, కనిపించేది గుడ్డే. కాళ్లు చాపి బిగించి చుట్టే పద్ధతి తుంటి కీళ్లకు చేటు. కుర్చీలూ వాకర్లూ నేను ఎవరికీ చెప్పను. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన కంగారూ పద్ధతిలోనూ బిడ్డ తల్లి ఛాతీ మీద కాళ్లూ చేతులూ ముడుచుకునే ఉంటుంది. మనం చేస్తున్నది దానికి కొనసాగింపు.

ఒడిలో కుదురుకున్నాక, మీరు వెనక్కి వాలి బిడ్డను మీ ఛాతీ మీద బోర్లా వేసుకోండి. మీ ముఖం చూడాలని తల ఎత్తుతాడు, మెడకు బలం వస్తుంది. సరిచేసిన లెక్కలో మూడు నెలలు వచ్చినా మీ ముఖం వెంట చూపు కదలకపోయినా, తల ఎప్పుడూ ఒక్క వైపుకే తిరిగి ఉన్నా, ఒళ్లు కర్రలా బిగుసుకుంటున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. వెళ్లేటప్పుడు బిడ్డ ఎన్ని వారాలకు పుట్టిందో రాసి ఉన్న డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లండి.