ప్లాన్ 200, టెస్ట్‌లో 94

హనుమకొండలో మా ఇంటికి 200 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ ప్లాన్. ఎప్పుడు టెస్ట్ చేసినా 94 దాటదు. కంపెనీకి ఫోన్ చేస్తే "వైఫైలో అంతే వస్తది సార్" అన్నారు. సరే అని ఫోన్లన్నీ వైఫై నుంచి తీసేసి, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలిపి చూశా. మళ్లీ 94! రద్దీ వల్లయితే సాయంత్రం తగ్గి, తెల్లవారుజామున పెరగాలి. ఇది కదలట్లేదంటే మధ్యలో ఎక్కడో 100 దగ్గరే లింకు ఆగుతోందన్నమాట (100 లింకులో చేతికొచ్చేది ఇంచుమించు 94). ఫైబర్ బాక్స్ నుంచి రూటర్‌కు వచ్చే వైరు క్లిప్పును వెలుతురులో పెట్టి చూస్తే, ఎనిమిది తీగలకు నాలుగే ఉన్నాయి. నాలుగైతే 100 లింకే, గిగాబిట్‌కు (1000 ఎంబీపీఎస్) ఎనిమిదీ ఉండాల్సిందే. బిగించిన మహానుభావుడెవరో! చౌరస్తాలో క్యాట్ 6 కేబుల్ కొని మార్చా, 190 దాటింది. వైఫైలో మాత్రం 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీదే ఆ స్పీడ్. 2.4 మీద వంటింట్లో సగం కూడా రాదు.