నెమలిశిఖ ఫెర్న్‌ని బండ మీంచి పీకకుండా ఇంట్లో పెంచుకోవడం

పెంచలకోనకో భైరవకోనకో వెళ్ళినవాళ్ళు రాతి సందుల్లో ఈ బుజ్జి మొక్క కనిపించగానే పీక్కొచ్చి కుండీలో పెడతారు, నెల తిరక్కుండానే ఎండిపోయిందని పారేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. దాని వేళ్ళు నెర్రెలో ఇరుక్కుని పెరుగుతాయి, లాగితే తెగిపోతాయి, ఇక కోలుకోవడం కష్టం. పైగా పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం, అక్కడ మొక్క పీకడం నేరం కూడా.

మీ చేలో పాత బావి ఉంటే ముందు దాని గోడ రాళ్ళ మధ్య వెతకండి. జానెడు ఎత్తు కూడా ఉండదు, సన్నటి కాడ చివర ఆకు అచ్చం బుల్లి తాటాకులా విచ్చుకుని ఉంటుంది. శాస్త్రీయనామం ఆక్టినియాప్టెరిస్ రేడియేటా. ఆకు తిప్పి చూడండి, ఒక్కో పాయ అంచు లోపలికి మడిచినట్టు ఉండి, ఆ మడత కింద గోధుమరంగు పొడి కనిపిస్తే సిద్ధబీజాలు (ఫెర్న్‌కి విత్తనాల బదులు ఉండేవి) ముదిరినట్టే. మన నెల్లూరు వైపు వానలు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కాబట్టి ఆ తర్వాత చూసుకోండి. ఒక్క ఆకు చాలు, కత్తెరతో కత్తిరించండి.

దాన్ని తెల్లకాగితం మీద వెనకవైపు కిందికి ఉండేలా పెట్టి, ఫ్యాన్ గాలి తగలకుండా మడిచి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో పొడి రాలుతుంది. ఇటుక పొడి, ముతక ఇసుక కలిపి, మరిగే నీళ్ళు పోసి (లేకపోతే బూజు, నాచు ముందు లేస్తాయి) చల్లారాక పైన ఆకు నుంచి రాలిన పొడిని పలచగా చల్లండి, మట్టి మాత్రం కప్పొద్దు. పైన ప్లాస్టిక్ కవర్ కట్టి ఎండ తగలని వెలుతురులో పెట్టండి. కొన్ని వారాలకి పచ్చటి చిన్న రేకులు వస్తాయి. అవి నాచు కాదు, గీకేయకండి! ఆ రేకుల మీద నీటి తడి ఉంటేనే ఫలదీకరణ జరిగి అసలు మొక్క పుడుతుంది, అందుకే అప్పుడప్పుడూ స్ప్రే చేస్తుండాలి. దీనికి నెలలు పడుతుంది, ఓపిక పట్టాల్సిందే.

మొక్క కాస్త నిలదొక్కుకున్నాక కుండీలో మార్కాపురం పలక ముక్కలు నిలువుగా గుచ్చి, వాటి సందులో నాటండి. ఎండాకాలం ఆకులు ముడుచుకుని బూడిదరంగుకి తిరిగితే చచ్చిపోయిందని టెన్షన్ పడొద్దు, రోజూ నీళ్ళు గుమ్మరించొద్దు, తడి తగిలితే మళ్ళీ విచ్చుకుంటుంది. దీన్ని నిజంగా చంపేది నిలవ నీరు, అందుకే వానలకి ముందే కుండీ అడుగు రంధ్రం మూసుకుపోలేదు కదా అని చూసుకోండి.